అన్న తరఫున నాలుగు వందల పన్నెండు సార్లు

మా అన్న పెళ్లి సంబంధాన్ని, అతను నోరు విప్పకముందే తగలబెట్టబోయిన ఘనత నాది. అందుకు వాడిన ఆయుధం ఏడు లైన్ల ప్రోగ్రాం.

ఇంటర్నెట్ నత్తలా పాకే రోజులవి. ఆబిడ్స్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాను. నిమిషం కుదురుగా కూర్చోలేని మనిషిని. వెబ్‌సైట్‌కు ఏదైనా పంపి జవాబు తెచ్చిపెట్టే చిన్న ఫంక్షన్ రాయమన్నారు. రాశాను. రెండు సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ పంపమన్నాను. ఎన్నిసార్లకు ఆగాలో మాత్రం చెప్పలేదు. ఆగడం నాకే రాదు, దానికేం నేర్పుతాను చెప్పండి?

పరీక్షించడానికి అన్న ప్రభుదాస్ దొరికాడు. నాంపల్లి బడిలో లెక్కల సారు. కొత్తవాళ్లు పేరడిగినా చెమటలు పట్టే మనిషి. పెళ్లి సంబంధాల సైట్‌లో మెదక్ అమ్మాయి నచ్చిందట. ఆ సంగతి తెలిపే ఫారంలో మా ఆఫీసు అడ్రసే ఇచ్చాడు.

"జర నా ఫారం పంపురా," అన్నాడు.

నా ఫంక్షన్‌తో పంపి, జవాబు కోసం కూర్చోలేక మొజంజాహీ మార్కెట్‌కు ఐస్‌క్రీమ్ తినడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి మేనేజర్ బుసలు కొడుతున్నాడు. "ఏందయ్యా, నెట్ మొత్తం నువ్వొక్కనివే తింటున్నవ్?"

ఆ సైట్ జవాబివ్వడానికి ఐదు సెకన్లు పడుతోంది. నా ఫంక్షన్‌కు అంత ఓపిక ఎక్కడిది? ఫారం నాలుగు వందల పన్నెండు సార్లు వెళ్లింది! వైరు పీకేశాను. అన్నకు చెప్పే ధైర్యం చాలలేదు.

మూడో రోజు ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. "వందనాలు బాబూ. మెదక్ అమ్మాయి నాయినను. ప్రభుదాస్ నువ్వేనా?"

"కాదండీ, తమ్ముణ్ణి."

"మీ అన్న పానం మంచిగున్నదా? నా బిడ్డ నచ్చిందని నాలుగు వందల సార్లు రాసిండు! వద్దంటే ఇంటిమీదికొస్తడేమోనని పిల్ల భయపడుతున్నది."

ఫోన్ చేసి అన్నను పిలిపించాను. పెద్దాయన సూటిగా అడిగాడు. "ఏందయ్యా, గన్నిసార్లు ఎందుకు రాసినవ్?"

అన్న నోరు తెరిచాడు. ఫ్యాను వైపు చూశాడు. చొక్కా తడిసిపోయింది.

"నోట్లకెళ్లి ఒక్క మాట రాదు, గాడ నాలుగు వందలా?"

ఇక తట్టుకోలేకపోయాను. "తప్పు నాదండీ!" అంటూ జరిగిందంతా కక్కేశాను.

పెద్దాయన మా ఆఫీసు ఫోన్లోనే ఇంట్లో ఉన్న కూతురితో మాట్లాడాడు. "అమ్మా, గవన్నీ పంపింది పిల్లగాడు కాదంట. ఓపిక లేని తమ్ముడంట. పిల్లగాడైతే నోరే తెరుస్తలేడు, పాపం."

అవతలి మాట విని, నవ్వకుండా ఫోన్ పెట్టేశాడు. "పెండ్లికి ఒప్పుకున్నది. తమ్ముడు మాత్రం వేరే ఇంట్ల ఉండాల్నంట."

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. యంత్రాన్నయినా, మనిషినయినా మూడుసార్లకు మించి ఏదీ అడగను. వదిన వండే మటన్ కూరకు మాత్రం ఈ ప్రమాణం వర్తించదు.