గొట్టానికి నలుగు

నేను తెలివితక్కువవాణ్ణని ఒప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటం లేదు. అప్పట్లో ఉండేది. ఎవరైనా గట్టిగా, మధ్యలో ఆగకుండా మాట్లాడితే అది నిజమేనని నమ్మేసేవాణ్ణి. నసుగుతూ నిజం చెప్పేవాళ్ళ వైపు తిరిగి కూడా చూసేవాణ్ణి కాదు.

డెబ్భైల చివర్లో యానాం నుంచి పాండిచ్చేరి వచ్చి ఐ.టి.ఐ. దరఖాస్తు నింపుతున్నాను. కావలసిన ట్రేడులు మూడు, ఇష్టప్రకారం వరసగా రాయమన్నారు. నాకు కావలసింది ఎలక్ట్రీషియను. అప్పుడు నేను ఒక అన్నయ్య గదిలో దిగి ఉన్నాను. సొంత అన్నయ్య కాదు, మా ఊరివాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద, ఒక ఆఫీసులో గుమాస్తా. లోకంలో ఆయనకు తెలియని విషయం లేదు, ఆ సంగతి తెలియనివాడు ఆయన చుట్టుపక్కల లేడు. కాయితం నా చేతిలోంచి తీసుకుని చూసి, మొదట రాసింది ఎవరికీ ఇవ్వరనీ, ఆఫీసుల పద్ధతే అంతనీ, కావలసింది మూడోదిగా రాసి అక్కర్లేనిది మొదట పెట్టమనీ చెప్పారు. మొదట ప్లంబరని రాశాను. నెల తిరక్కుండా ప్లంబరే వచ్చింది. ఆ ఏడాది దరఖాస్తుల్లో ప్లంబింగు పనిని అంత ఇష్టంగా మొదట రాసినవాణ్ణి నేనొక్కణ్ణేనని తర్వాత తెలిసింది.

కరెంటు పట్టుకుందామని బయల్దేరినవాణ్ణి కొళాయి పట్టుకున్నాను. నన్ను పంపుల పనికి పంపిన ఆయన మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. కరెంటు షాకు కొడుతుంది, నీళ్ళు కొట్టవు కదా, అదీ ఒకందుకు మంచిదేనన్నారు. అదీ నమ్మాను.

మాకు పని నేర్పిన మాస్టారు పాండిచ్చేరిలో తరాలుగా స్థిరపడ్డ తెలుగువాడు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. తెలుగు చదవడం రాదు. నేను నోట్సు తెలుగులో రాసుకుంటుంటే వంగి చూసి, ఇది మన బాసేనా, ముగ్గు మాదిరి ఉండాదే, అని ఆశ్చర్యపోయేవారు. నా గోదావరి యాస విని మిగతా కుర్రాళ్ళ ముందు నవ్వేవారు గానీ, అర్థంకాని తమిళం మాత్రం మళ్ళీ తెలుగులో చెప్పేవారు. ఆ ఒక్క దయ లేకపోతే ఆ ఏడాదంతా నేను గొట్టంలాగే ఉండేవాణ్ణి, ఒక చెవిన విన్నది ఇంకో చెవిన పోతూ.

పని చూడ్డానికి సులువు. ఇనప గొట్టాన్ని కొలిచి కొయ్యాలి. డై అనే కోత పనిముట్టు పట్టి తిప్పుతూ చివర మరలు కొయ్యాలి. మరల మీద జనపనార చుట్టి, తెల్ల రంగు ముద్ద పట్టించి, మోచేతిలా వంగిన ఎల్బోలో బిగించాలి. నేను మరలు మరల మరల కోశాను. ఒకటి లోతు, ఒకటి పైపైన. నార పల్చగా చుడితే నీళ్ళు కారేవి, మందంగా చుడితే ఎల్బో ఎక్కేదే కాదు. మూడుసార్లు కడితే రెండుసార్లు కారింది. కారని ఆ ఒక్కసారి ఎందుకు కారలేదో కూడా నాకు తెలియదు. అదే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

ఏడాది చివర పరీక్ష. గొట్టాలు నాలుగు ముక్కలు కోసి, నాలుగు మూలలా నాలుగు ఎల్బోలు వేసి చదరంగా కట్టి, ఒక పక్క మధ్యలో యూనియను, అంటే రెండు కొసల్నీ కలిపి బిగించే జోడుముక్క, వేసి మూసి, చేతిపంపుతో లోపలికి నీళ్ళు ఎక్కించాలి. పంపు మీద గడియారంలాంటి మీటరు ఉంటుంది. పది నిమిషాలు దాని ముల్లు కదలకూడదు. కదిలిందా, మళ్ళీ ఏడాదికి గానీ పరీక్ష లేదు. ఆ వేసవిలోనే నీళ్ళ శాఖలో మనుషుల్ని తీసుకుంటున్నారు, పాసైన కాయితం ఉన్నవాళ్ళనే. యానాంలో మా నాన్న అప్పటికే మావాడు నీళ్ళ ఇంజినీరని నలుగురికీ చెప్పేశాడు. వారం వారం ఉత్తరంలో ఉద్యోగం ఎప్పుడని అడిగేవాడు. ఎప్పుడనే మాటకు బదులు నాలుగు ఎల్బోల దగ్గర ఉందని ఆయనకెలా రాయను?

చివరి రెండు వారాలూ అన్నం సరిగ్గా దిగలేదు. సైకిలు మీద ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్ వీధుల్లో పోతుంటే జనం ఆ పసుప్పచ్చ గోడలు చూసేవాళ్ళు. నేను గోడల మీది గొట్టాలు చూసేవాణ్ణి. సముద్రపు గాలికి తుప్పుపట్టి, అతుకు అతుకునా చెమ్మ. ఎక్కడ కొళాయి కనబడినా దిగి, అతుకు కింద వేలు పెట్టి తడి చూసుకునేవాణ్ణి. ఒకావిడ తన కొళాయి ఎత్తుకుపోతాననుకుని తమిళంలో కేకలేసింది. నా భయం చెప్పుకోవడానికి సరిపోయే తమిళం నా దగ్గర లేదు. సైకిలెక్కేశాను.

పరీక్ష ముందు రోజు అన్నయ్య నా ముఖం చూసి ఏమైందన్నారు. చెప్పాను. ఆయన నవ్వి, స్నానాలగదిలోంచి అరిగిన ఎర్ర సబ్బు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు.

"లోపల నార, పైన సబ్బు. అతుకు చుట్టూ గట్టిగా రుద్దెయ్. పది నిమిషాలేం, పదిరోజులు కారదు. ఒరేయ్, ఇది పెద్ద పెద్ద మేస్త్రీలు చేసేదే, నీకు కాబట్టి చెబుతున్నాను."

ట్రేడుల సంగతిలో ఈయన మాట విని ఏమైందో నాకు గుర్తుంది. గుర్తుండి కూడా ఆ ముక్క చేతిరుమాల్లో కట్టి జేబులో వేసుకున్నాను. భయపడేవాడికి జ్ఞాపకశక్తి ఉండి ఏం లాభం?

మర్నాడు మద్రాసు నుంచి ఒక పరీక్షాధికారి వచ్చారు. మాటలు తక్కువ మనిషి. కొలిచాను, కోశాను, మరలు వేశాను, నార చుట్టాను. చెప్పకూడదు గానీ, ఆరోజు చెయ్యి బాగానే సాగింది. ఎల్బోలు చివరి చుట్టులో ఎంత బిగువుగా ఎక్కాలో అంత బిగువుగా ఎక్కాయి. అక్కడితో ఊరుకుని ఉండవలసింది. పరీక్షాధికారి అటు తిరిగినప్పుడు రుమాలు విప్పి, ఎండకు మెత్తబడ్డ ఆ సబ్బుతో నాలుగు మూలలా రుద్దేశాను.

నా వంతు వచ్చింది. నీళ్ళు పోసి పంపు కొట్టడం మొదలెట్టారు. లోపలి గాలి పోవడానికి పై బిరడా వదులు చేశారు. నీళ్ళు చిమ్మి చట్రం మీదంతా పడ్డాయి. క్షణంలో నాలుగు మూలలా తెల్లగా నురగ లేచింది. మెల్లగా, తీరిగ్గా, పెళ్ళికొడుకు తల మీద కుంకుడురసం లేచినట్టు లేచింది. వెనక కుర్రాళ్ళు నవ్వారు. పరీక్షాధికారి ఒక బుడగను వేలితో పొడిచి, వాసన చూసి, మాస్టారి వైపు చూశారు.

మాస్టారు నా దగ్గరికొచ్చి చిన్న గొంతుతో అన్నారు. "ఏందిరా ఇది? పైపుకు నలుగు పెట్టినావా?"

ఆయన వెళ్ళి పరీక్షాధికారితో తమిళంలో చాలాసేపు మాట్లాడారు. నాకు అర్థమైంది రెండే మాటలు, "యానాం", "పావం", అంటే మన పాపమే. వచ్చి, ఇంకా నలభై నిమిషాలు ఉండాది, అంతా విప్పి తుడిచి మళ్ళా కట్టమని చెప్పారు.

విప్పాను. చేతులు సబ్బుకు జారుతున్నాయి, రెంచి పట్టు దొరకడం లేదు. మొదటి ఎల్బో ఊడి వచ్చాక లోపల చూశాను. బయటివైపు మరల వరసల్లో నార పొడిగా ఉంది. నీటి బొట్టు అంత దూరం రాలేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

మాస్టారు కూడా వంగి చూశారు. "నీ జాయింటు బాగానే ఉండాది. దాని మీద నీకే నమ్మకం లేకుంటే నేనేం చేసేది, తంబీ?"

నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మరలు గుడ్డతో తుడిచాను, కిరసనాయిలు పెట్టి మళ్ళీ తుడిచాను. కొత్త నార చుట్టాను. రంగు ముద్ద నా చొక్కాకు సగం, గొట్టానికి సగం. యూనియను బిగించేసరికి కట్టడానికి ఇచ్చిన గడువులో అయిదు నిమిషాలు మిగిలాయి. పంపు కొట్టారు. ముల్లు ఎక్కి నిలబడింది.

ఆ పది నిమిషాలూ నేను గాలి సరిగ్గా పీల్చలేదు. ఆరో నిమిషంలో ముల్లు వెంట్రుకవాసి దిగినట్టనిపించింది. పరీక్షాధికారి అద్దం మీద వేలితో తట్టారు. ముల్లు వణికి అక్కడే ఆగింది. నేనూ అంతే. చివరికి ఆయన కాయితం మీద ఏదో గీసి తర్వాతి కుర్రాణ్ణి పిలిచారు. పాసు, అట్టడుగు మార్కులతో.

గదికి వెళ్ళి అన్నయ్యతో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, "సబ్బు ఎక్కువ రాసుంటావు" అన్నారు.

నాకు నీళ్ళ శాఖలో పని దొరికింది. రెండేళ్ళకు అన్నయ్యకు పెళ్ళయి, నటేశన్ నగర్‌లో ఒక పోర్షను తీసుకున్నారు. స్నానాలగదిలో కొళాయి లేదు, నువ్వే వచ్చి పెట్టాలన్నారు. ఆదివారం సామాను తీసుకుని వెళ్ళాను. ఆయన బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఏ పని ఎలా చెయ్యాలో నాకు చెబుతున్నారు. తర్వాత సుద్దముక్కతో గోడ మీద ఒక గీత గీశారు.

"ఇక్కడ పెట్టు. ఎత్తునుంచి పడితే నీళ్ళు చిందుతాయి. ఇది మీకు నేర్పి ఉండరు."

గీత చూశాను. ఆయన కూర్చున్న బకెట్టు చూశాను. గీత కంటే బకెట్టు జానెడు ఎత్తుంది. చెబుదామని నోరు తెరిచాను. మూశాను.

"అలాగే అన్నయ్యా" అన్నాను.

ఆరోజు వేసిన అతుకంత మంచి అతుకు నా సర్వీసులో మళ్ళీ వెయ్యలేదు. గొట్టాన్ని గోడలో దించి పైన సిమెంటు కూడా పూశాను, ఎవరూ తేలిగ్గా కదపకుండా. కాఫీ తాగుతుండగా వదినగారు బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళారు. కాసేపు చప్పుళ్ళు వినబడ్డాయి, బకెట్టును కొళాయి కింద నిలువుగా దూర్చబోయి ఒకసారి, ఏటవాలుగా దూర్చబోయి ఒకసారి. బకెట్టుతో సహా బయటికి వచ్చి, కొళాయి అంత కిందికి పెట్టమని ఎవరు చెప్పారని నన్ను అడిగారు.

గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను. అన్నయ్య కిటికీలోంచి వీధి చూస్తున్నారు.

"అన్నయ్యే చెప్పారు వదినగారూ" అన్నాను, ఎంతో వినయంగా.