హట్‌బే బోటు గేటు టైము ఎవరు మార్చారు

బైబిలు మీద చెయ్యి పెట్టమన్నా పెడతాను. ఇందులో ఒక్క మాట కల్పన లేదు. చదివింది ఐదో తరగతే గానీ, చూసింది మర్చిపోయే రకాన్ని కాదు నేను.

మా కోడలు రూతు డిగ్నాబాద్‌లో ఇంటి నుంచే పని చేస్తుంది. ఇక్కడి దీవుల మధ్య తిరిగే పడవల టికెట్ల ప్రోగ్రాం. జావాలో రాశారట. ఒకే ముద్ద కాదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సీట్లకొక ముక్క, టైములకొక ముక్క. మాడ్యూళ్ళంటారు. దేని సెట్టింగులు దానివి. రూతు అంకె మార్చి, పేరు కొట్టి, సరే అంటే చాలు... అన్ని జెట్టీల మెషీన్లకీ ప్రోగ్రామే పంచేస్తుంది. ఆఖరి బోటు వచ్చాకే ఆ పని. అందుకే రాత్రిళ్ళు.

ఆ రాత్రి కరెంటు పోయింది. నెట్ డబ్బా ఆరిపోయింది. ఫోన్లో సిగ్నల్ కూడా లేదు. మా అబ్బాయి ఓడ డ్యూటీలో ఉన్నాడు, ఇంట్లో మేమిద్దరమే. స్టూలు మీద లాప్‌టాప్ బ్యాటరీతో వెలుగుతోంది.

"కరెంటొచ్చేదాకా ఖాళీయే కదా, రా, తలకి నూనె రాస్తాను" అన్నాను.

నూనె గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని నా ముందు కింద కూర్చుంది. జడ విప్పాను...

టక్.

బల్లి అనుకున్నాను.

టక్... టక్...

తలెత్తాను. తెర మీద అక్షరాలు పడుతున్నాయి. ఒక్కొక్కటీ. ప్రోగ్రాం తనంతట తాను పని చేస్తే గలగలా వరసలు పారతాయి, ఎన్నోసార్లు చూశాను. ఇది అలా కాదు. మనిషి కొట్టినట్టు... నెమ్మదిగా. మీటలు కదిలాయా లేదా, ఆ వెలుతురులో నాకు కనబడలేదు. చప్పుడు మాత్రం విన్నాను.

ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. 4 పడింది. ఆగింది. ఏదో ఆలోచిస్తున్నట్టు... చాలాసేపు. వెనక్కి చెరిగింది. 5 పడింది.

"అత్తా..." అంది రూతు. "నేనూ అలాగే కొడతాను. ముందు తప్పు కొట్టి, ఆగి, చెరిపి..."

దాని చేతులు నా కళ్ళ ముందే ఉన్నాయి. గిన్నె ఇంకా వాటిలోనే ఉంది. తెర మీద దాని పేరు పడింది. చివర్న పచ్చరంగు గీత.

"మార్చింది అన్ని జెట్టీలకీ వెళ్ళిపోయిందంటోంది అత్తా. నెట్ లేకుండా ఎక్కడికెళ్తుంది, పాగల్‌గాని అయిందా ఇది" అని మూత మూసేసింది. నిజమే కదా అనుకున్నాం. తెల్లారేదాకా కరెంటు రాలేదు.

వెళ్ళింది. హట్‌బే బోటుకి పొద్దున ఆరింటికి మూయాల్సిన జెట్టీ గేటు అన్ని మెషీన్లలో ఐదింటికే మూసుకుంది. చంటిపిల్లతో వచ్చినావిడ గేటు బయటే ఉండిపోయిందట.

కరెంటు రాగానే మేనేజరు ప్రసాదు ఫోను. బ్రూక్షాబాద్ కుర్రాడే, మా చర్చికే వస్తాడు.

"దీదీ, నీ వల్లే గల్తీ అయిందని రాసి సంతకం పెట్టి పంపు. నౌకరీకి ఏం కాదు. పెట్టకపోతే నేను ఆపలేను."

ఫోను లాక్కున్నాను. "దాని చేతుల్లో నూనె గిన్నె ఉందయ్యా. నేను చూశాను."

"ఆంటీ, ఎవరేం చేశారో మెషీనే రాసుకుంటుంది. అందులో దీదీ పేరే ఉంది. మెషీన్ అబద్ధం చెప్పదు."

"నేను చెప్తానా ప్రసాదూ?"

సంతకం మాటే మళ్ళీ ఎత్తాడు. "నెట్ లేనప్పుడు ఎలా వెళ్ళిందో అది కూడా రాసుకుందా నీ మెషీను?" అన్నాను. కాగితం పంపమని చెప్పి ఫోను పెట్టేశాడు. నా ఒళ్ళు మండిపోయింది. కళ్ళున్న మనిషి సాక్ష్యం సాక్ష్యం కాదట.

రూతు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. "చేశానని ఎలా రాయను అత్తా? చేయలేదని మాత్రం ఎలా రాయను... ఆ కొట్టిన తీరు నా చేతిదే కదా."

"ఏది చూశామో అదే రాయి" అన్నాను.

రాసింది. 'ఇది నేను చేయలేదు. చేసింది మాత్రం అచ్చం నాలాగే చేసింది.' కింద సంతకం పెట్టింది, పంపింది.

ఇంకా జవాబు లేదు. నా కోపం చల్లారలేదు. ప్రసాదు మీదా, మెషీను మీదా, ఆ టక్ టక్‌మని కొట్టినదాని మీదా... ఎవరి మీద పడాలో మాత్రం తెలియడం లేదు.