పిండికి తెరుచుకున్న గేటు

మొన్న గురువారం మా ఆఫీసులో నన్ను లోపలికి రానివ్వలేదు. మైదాపిండి ముద్దని మాత్రం రానిచ్చారు! అదిగో, అప్పుడే నవ్వేస్తున్నారు. మొత్తం విన్నాక నవ్వండి. టీ చల్లారితే ఇంకోసారి పెట్టిస్తాను.

నా ఉద్యోగం తెలుసుగా మీకు? రాయదుర్గం దగ్గర సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్. అంటే వేరేవాళ్ళు చేసిన పనిలో తప్పులు వెతికి పట్టుకోవడం. పదకొండేళ్ళుగా అదే పని. ఆ పొగరు నాకు కొంచెం ఉంది, ఒప్పుకుంటాను. మాది భీమవరం. చేసుకున్నది ఖాజాగూడ అబ్బాయిని, నరేష్‌ని. ఉండేది కూడా అక్కడే, అత్తమ్మతో కలిసి.

అత్తమ్మ అంటే పోలెలు, పోలెలంటే అత్తమ్మ. మావైపు వాటినే బొబ్బట్లంటాం గానీ ఆవిడ ముందు ఆ మాట ఎత్తను. ఖాజాగూడలో ఎవరింట్లో ఏ ఫంక్షన్ అయినా "అక్కా, పోలెలు నువ్వే చెయ్యాలె" అని ముందు ఈవిడకే కబురు. అలాంటి మనిషికి కుడి మణికట్టు పట్టేసింది. చెంబు ఎత్తాలన్నా "అబ్బా" అంటోంది. దవాఖానలో డాక్టరు చూసి, మూడు నెలలు పిండి పిసికే పని పెట్టుకోవద్దన్నాడు.

పోయిన నెల ఆవిడ మహిళా సంఘం ఆడవాళ్ళు, పాపం అక్క చెయ్యి బాలేదు కదా అని, పోలెలు స్వీట్ షాపు నుంచి తెప్పించుకున్నారు. వాళ్ళది మంచి మనసే. కానీ ఈవిడ ఆ రోజు పళ్ళెం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయింది. "ఇగ నాతోని ఏం పని ఉన్నది వాళ్లకు" అంది, నాతో కూడా కాదు, గోడతో. నాకు ప్రాణం ఉసూరుమంది.

అందుకే పిండి కలిపే మిషన్ తెప్పించాను. మన మిక్సీ లాంటిది కాదు. పెద్ద స్టీలు గిన్నె, దాంట్లోకి పైనుంచి ఒక వంకర కొక్కెం దిగుతుంది. అది గిరగిరా తిరుగుతూ పిండి పిసికేస్తుంది. అత్తమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, గిన్నె మీద వేలితో కొట్టి చూసింది.

"ఏందే ఇది? పోలెల పిండి చేతికి తెలుస్తది. ఇనుముకేం తెలుస్తది?"

"ఒక్కసారి చేసి చూద్దాం అత్తమ్మా. మీ చెయ్యి బాగుపడేదాకా."

"సరే. గురువారం సంఘం ఆడోళ్లు మనింటికే వస్తున్నరు. ముప్పై పోలెలు కావాలె. నీ మిషన్ పిండి మంచిగ వస్తే ఉంచు. లేకుంటే వాపస్ పంపు. ఇగ నా చెయ్యి, నా పిండి. డాక్టర్ గీక్టర్ ఎవ్వరి మాట ఇన."

అదండీ నా భయం. మిషన్ పోతే పోయింది. ఆవిడ ఆ చేత్తో మళ్ళీ కిలోల కొద్దీ పిండి పిసకడం మొదలుపెడితే ఆపేవాళ్ళెవరు?

గురువారం పొద్దున్న ఏడున్నర. నేను ఆఫీసుకి తప్పకుండా వెళ్ళాల్సిన రోజు. పదకొండింటికి ముఖ్యమైన మీటింగ్. ఇంకో తద్దినం ఏంటంటే, ఈ నెలలో రెండుసార్లు కార్డు ఇంట్లో మర్చిపోయి టెంపరరీ కార్డుతో లోపలికి వెళ్ళాను. మూడోసారి అయితే మేనేజర్ మెయిల్ పెట్టాలి. మా మేనేజర్ మెయిల్ పెట్టేవాడే గానీ, దాన్ని ఏడాది పొడుగునా గుర్తుచేసే రకం. అందుకని స్నానం చేసి రాగానే ట్యాగు మెడలో వేసేసుకోవడం అలవాటు చేసుకున్నాను. వంట చేసినా మెడలో అదే, పూజ చేసినా మెడలో అదే. ట్యాగుకి వేలాడే ప్లాస్టిక్ కవర్లో రెండు కార్డులుంటాయి. ముందు నా ఫోటో ఉన్నది. దాని వెనక గేటు తెరిచే తెల్ల కార్డు, ఏ రాతా లేకుండా సున్నం కొట్టినట్టు ఉంటుంది.

గిన్నెలో కిలో మైదా పోశాను. చిటికెడు పసుపు వెయ్యబోతే అత్తమ్మ "పసుపు పూర్ణంల ఉన్నది, పిండిల వద్దు" అంది. వెయ్యలేదు. వేసి ఉంటే ఈ కథే లేదు! మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఒకటో నంబరు మీద మెల్లగా మొదలుపెట్టమని రాసుంది. ఆఫీసు బస్సు ఎనిమిదింపావుకి. నేను సరాసరి నాలుగుకి తిప్పాను.

బుస్సుమని పైకి లేచిందండీ పిండి! కళ్ళముందు అంతా తెలుపు. స్టవ్ లేదు, కిటికీ లేదు, అత్తమ్మ లేదు. ఆ తెల్లటి పొగలోంచి గొంతు మాత్రం వినిపించింది.

"సుధా! ఉన్నవా బిడ్డా?"

"ఉన్నానత్తమ్మా!"

"మరి నీ మిషన్ ఉన్నదా?"

తడుముకుంటూ ఆపాను. గబగబా మొహం తుడుచుకున్నాను. ట్యాగు చూస్తే కవర్లోకి కూడా పిండి దూరింది. రెండు కార్డులూ బయటికి తీసి, చున్నీతో తుడిచి, హడావుడిగా మళ్ళీ దోపాను. ఫోటో కార్డు సరిగ్గానే వెళ్ళింది. రెండోది సగమే దిగినట్టుంది. అది ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడెవరు చూశారు?

ఈసారి బుద్ధిగా ఒకటో నంబరు. నీళ్ళు, నూనె పోస్తుంటే పిండి ముద్ద కట్టసాగింది. అంచులకి కొంచెం అంటుకుంది. మిషన్ ఆపి, గరిటెతో గీకడానికి గిన్నె మీదికి వంగాను. ఆ వంగడం గుర్తుపెట్టుకోండి.

మళ్ళీ స్విచ్ వెయ్యగానే టక్. ఇంకో చుట్టు తిరిగితే టక్. టక్, టక్, టక్.

"ఏందే గా టకటక?" అంది అత్తమ్మ.

"కొత్త మిషన్ కదా అత్తమ్మా, అలవాటు పడుతోంది."

"మిషన్‌కు అలవాటేందే?"

"లోపల పళ్ళచక్రాలు సర్దుకుంటాయి. మొదట్లో అన్నీ అంతే." ఎంత ధీమాగా చెప్పానో! పదకొండేళ్ళ అనుభవం మరి. నేను చెప్పినట్టే కాసేపటికి చప్పుడు ఆగిపోయింది కూడా. "చూశారా?" అన్నాను. అత్తమ్మ పెదవి విరిచింది. ఆవిడ పెదవి విరిచిందంటే నమ్మలేదని అర్థం.

పిండి ముద్దని ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి, నూనె రాసి, తడిగుడ్డ కప్పాను. తొమ్మిదిన్నరకి ఒకసారి తిరగేయమని చెప్పి, బస్సు కోసం పరిగెత్తాను.

గేటు దగ్గర ట్యాగు పెట్టాను. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎరుపే. వెనక క్యూ పెరుగుతోంది. సెక్యూరిటీ యాదగిరన్న వచ్చాడు. నన్ను రోజూ చూసే మనిషే.

"మేడం, వెనక తెల్లకార్డు ఏది?"

కవర్ తిప్పి చూస్తే నా ఫోటో వీపు తప్ప ఏమీ లేదు!

"ఇంటికి సున్నం గిట్ల కొడ్తున్నరా మేడం?" అన్నాడు మెల్లగా. తల మీద చెయ్యి పెడితే మైదా రాలింది.

పక్కనే విజిటర్ల సోఫాలో కూలబడి ఇంటికి ఫోన్ చేశాను. అత్తమ్మ ఇల్లంతా వెతికింది. "మంచం కింద చూసిన. దేవుని అల్మారల చూసిన. బియ్యం డబ్బల గూడ చూసిన. లేదు బిడ్డా. పరేషాన్ కాకు" అంది. పరేషాన్ కాక ఏం చేస్తాను? మేనేజర్‌కి మెసేజ్ రాయడం, చెరపడం. రాయడం, చెరపడం. నా టీమ్ వాళ్ళంతా నా ముందునుంచే టింగు టింగుమంటూ లోపలికి పోతున్నారు. "ఏంటి సుధా, ఇక్కడ కూర్చున్నావ్?" అని అడిగిన ప్రతివాళ్ళకీ "ఊరికే, ఏసీ బావుంది" అని చెప్పాను.

పదింపావు అయ్యింది. అద్దాల తలుపు తోసుకుని ఎవరొచ్చారనుకున్నారు? మా అత్తమ్మ! కొంగు బిగించి, ఎడంచేత్తో ఐస్‌క్రీమ్ డబ్బా గుండెకి అదుముకుని, మొహం గంభీరంగా పెట్టుకుని.

"అత్తమ్మా! ఏమైంది? ఎలా వచ్చారు?"

"ఆటోల వచ్చిన. నీ మిషన్ సంగతి తేలిపోయింది. పిండి తిరగేస్తుంటే గట్టిగ తగిలింది. దాని సామాన్ ఏదో ఊడి పిండిల పడ్డది."

"ఫోన్ చెయ్యొచ్చు కదా!"

"ఫోన్ల చెప్తే నువ్వు ఒప్పుకుంటవా? పొద్దుగాల టకటక అంటే అలవాటు పడుతున్నది అన్నవు. అందుకే సబూత్ తెచ్చిన."

"దాన్ని తీసి చూడలేదా?"

"నేను తీస్తే నేనే ఏసిన్నంటవ్. ఎట్లున్నది అట్లనే తెచ్చిన, నువ్వే చూడు."

చెప్పొద్దూ, పదకొండేళ్ళలో ఏ టెస్టరూ ఇంత పకడ్బందీగా తప్పు పట్టుకురావడం నేను చూడలేదు.

డబ్బా మూత తియ్యాలి. కుడిచెయ్యి సహకరించదు. ఆవిడ అటూ ఇటూ చూసింది. గేటు మీద నున్నటి చదునైన చోటు కనిపించింది, మనం కార్డు పెట్టేది. "జర ఆగు" అంటూ డబ్బాని తీసుకెళ్ళి సరిగ్గా దాని మీద పెట్టింది.

టింగ్!

పచ్చ లైటు వెలిగింది. గాజు రెక్కలు రెండూ పక్కకి జరిగాయి. పైన బుల్లి తెర మీద నా పేరు, పక్కన నా ఫోటో, కింద స్వాగతం!

యాదగిరన్న నోరు తెరిచి డబ్బాని చూస్తున్నాడు. క్యూలో వాళ్ళు నన్ను చూస్తున్నారు. అత్తమ్మ తెర మీద నా ఫోటోని చూసి, డబ్బాని చూసి, నావైపు తిరిగింది.

"ఏందే, గీ పిండికి గూడ మీ దాంట్ల నౌకరీ ఉన్నదా?"

ఇంక ఆగలేదండీ ఎవరూ. యాదగిరన్న గోడ పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు సిగ్గుతో మొహం మాడిపోయింది. కానీ మూత తీసి చూస్తే నాకూ నవ్వు ఆగలేదు. ముద్దలోంచి తెల్ల కార్డు మూల ఒకటి తొంగిచూస్తోంది, నూనెలో నిగనిగలాడుతూ.

పట్టుకుని లాగాను. కార్డుతో పాటు పిండీ వచ్చింది. జానెడు సాగింది. మూరెడు సాగింది. అయినా తెగదే!

"ఆగు!" అంది అత్తమ్మ.

ఆగాను. ఆవిడ ఆ సాగిన పిండి కింద వేళ్ళు పెట్టింది. అటు కొంచెం, ఇటు కొంచెం లాగింది. పల్చటి పొరయ్యింది గానీ చిరగలేదు. ఆవిడ మొహంలో గంభీరం మెల్లమెల్లగా కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. మిషన్ మీద కేసు పెట్టడానికి వచ్చిన మనిషి, ఆ గేటు పక్కనే నిలబడి, పిండిని అటూ ఇటూ మడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, చివరికి తీర్పు చెప్పింది.

"కార్డు సంగతి ఏమోగని, పిండి మాత్రం మంచిగ పిసికిందే."

"మీ చెయ్యంత మంచిగానా?"

"గంత లేదు తియ్" అంది. పిండిని ఇంకోసారి సాగదీసి చూసి, "దగ్గర్ల ఉన్నది" అంది.

ఆ ఒక్క మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిండి ఘాటు అనుకున్నారేమో చుట్టుపక్కలవాళ్ళు. మైదాకి ఘాటేమిటి లెండి!

యాదగిరన్న ఆవిడకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. "అమ్మా, గా డబ్బ మళ్ళొక్కసారి పెట్టి చూద్దామా?" అని ఆశగా అడిగాడు కూడా. నేను కార్డు కడుక్కుని మీటింగ్‌కి పరిగెత్తాను. వెళ్ళాక తెలిసింది, వేళ్ళకి ఇంకా పిండి ఉందని. లాప్‌టాప్‌లో "ఎస్" అక్షరం ఇప్పటికీ సరిగ్గా పడదు.

ఆ ముద్దని మాత్రం అత్తమ్మ పోలెలకి వాడలేదు. "ఊరంత తిరిగిన కార్డు, ఛీ" అని పారేసింది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ముప్పై పోలెలూ గుడ్డ మీద ఆరుతున్నాయి. మళ్ళీ ఆ చేత్తోనే పిసికేసిందా అని వంటింట్లోకి ఉరికాను. మిషన్ గిన్నె కడిగి బోర్లించి ఉంది! నేను లేనప్పుడు తనే పుస్తకంలో బొమ్మలు చూసి, ఒకటో నంబరు మీద పెట్టి, స్విచ్ నొక్కిందట. "నీ లెక్క నాలుగుకు తిప్పలే" అని ఒక చురక కూడా. సంఘం ఆడవాళ్ళు రెండేసి తిని, వచ్చే నెల పోలెలు కూడా నువ్వే చెయ్యాలక్కా అని చెప్పి వెళ్ళారు. ఆ పూట ఆవిడ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

మిషన్ ఉండిపోయింది. దాంతోపాటు ఒక రూలూ వచ్చింది. వంటింటి గుమ్మానికి అత్తమ్మ ఒక మేకు కొట్టించింది. మెడలో ట్యాగు తీసి ఆ మేకుకి తగిలిస్తేనే లోపలికి ప్రవేశం. మర్చిపోయి అడుగుపెట్టబోతే చీపురు అడ్డం పెడుతుంది. ఆఫీసులో ఆ కార్డు ఉంటేనే రానిస్తారు, ఇంట్లో ఆ కార్డు ఉంటే రానివ్వరు. మధ్యలో నేను!

ఇవాళ పొద్దున్న బుద్ధిగా ట్యాగు మేకుకి తగిలించి, మిషన్లో చపాతీ పిండి కలిపి, టైముకి బస్సెక్కి, హుషారుగా గేటు దగ్గరికి వెళ్ళాను. మెడ తడుముకుంటే ఖాళీ. ట్యాగు ఖాజాగూడలో మేకుకి ఊగుతోంది.

యాదగిరన్న దగ్గరికొచ్చి, నా చేతిలో లంచ్ బ్యాగు వంక ఆశగా చూశాడు.

"ఏం మేడం, ఇయ్యాల పిండి తేలేదా?"