గేట్‌వాల్వు మీద ఓటింగు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో లోకం మీద ఉన్నంత నమ్మకం మళ్లీ జన్మలో రాదేమో! అప్పటికి తెలంగాణ వచ్చి నాలుగైదేళ్లయింది. నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో నేను పంచాయతీ కార్యదర్శిని. ప్రతి పనీ గ్రామసభలో జనమే చేతులెత్తి తేల్చాలని నా పట్టుదల. (పరీక్షకు చదివిన పుస్తకాల వేడి ఇంకా తగ్గలేదు.) సర్పంచి నా హుషారు చూసి, "గట్లనే కానియ్యి మేడం" అన్నారు.

మొదటి సభకే జనం విరగబడి వచ్చారు. నాకు ఒళ్లంతా పులకరింత! పొద్దున అరగంట దిగువ వాడల వాల్వు మూస్తేనే గడ్డ మీది పన్నెండిళ్లకు నీళ్లెక్కుతాయి. పెళ్లిళ్లకు మైకుసెట్లు కిరాయికిచ్చే ఆయన (ఊరందరికీ మైకు మామ) ఆ సంగతే పట్టుకున్నాడు. "మన ఊరు, మన నీళ్లు! మన నల్లా బంద్ చేసేటోడు ఎవ్వడు? గీడ ప్రజలే రాజులు! వాల్వు ముయ్యొద్దన్నోళ్లు చేతులెత్తుర్రి!" ఈలలు, కేకలు! సభంతా చేతులే. ఆ ఊపులో నా చెయ్యీ లేచింది. ఆ చేత్తోనే తీర్మానం రాశాను.

మర్నాడు ఆదివారం. తలకు కుంకుడు రసం రుద్దుకుని నల్లా తిప్పితే ఒట్టి గాలి. నేను కిరాయికుండే గది గడ్డ మీదే! (చెయ్యెత్తేటప్పుడు గుర్తొస్తే కదా.) కళ్లు మండి కేకలు పెడుతుంటే, ఇంటి అవ్వ తాగడానికి దాచుకున్న బిందె తెచ్చి నా తల మీద కుమ్మరించింది.

"సభల ఎందుకు మాట్లాడలే అవ్వా?"

"గంత లొల్లిల నా గొంతు ఎవలికి ఇనబడ్తది బిడ్డా? నువ్వు సుత చెయ్యెత్తితివి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు అవ్వకు తాగే నీళ్లు దిగువ వాడ నుంచి నేనే మోశాను. వారం తిరక్కుండా మళ్లీ సభ పెట్టించి, నీళ్లందనివాళ్లు ముందు మాట్లాడాలన్నాను. అవ్వ మైకు పట్టుకుంది. "మేం పన్నెండిండ్లోళ్లం. ఎన్నిసార్లు చేతులెత్తినా మీకంటే తక్కువనే ఉంటం. ఇగ నీళ్లు తాగొద్దా?"

ముందుగా లేచింది మైకు మామే. "నేను మొదటి సంది గిదే చెప్తున్న! అవ్వకు నీళ్లియ్యాలె! చేతులెత్తుర్రి!"

మళ్లీ అవే ఈలలు, అవే చేతులు. ఆనందం పట్టలేక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. అవ్వ మాత్రం కొట్టలేదు. నేరుగా వాల్వు తిప్పే అతని దగ్గరికి పోయి, "రేపు పొద్దుగాల ఎన్ని గంటలకు మూస్తవు కొడుకా?" అని అడిగింది. నేనింకా చప్పట్లు కొడుతూనే ఉన్నాను. ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.