మొదటి బటన్

మొన్న తాడేపల్లిగూడెంలో మా మేనకోడలి ఇంట కూర్చుని, చర్చి స్త్రీల సమాజం తరఫున ఒక ఉత్తరం కొట్టవలసి వచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో ఉన్నది కంప్యూటర్‌ని నడిపించే, ఒకప్పుడు నేను నేర్పిన ఆ ఉచిత సిస్టమే, లినక్సు. ఒక ప్రోగ్రామ్‌లో ఉన్న పేర్ల పట్టికను ఎత్తి ఉత్తరంలో పెడితే ఒక్క గడి చెదరకుండా కూర్చుంది. తీరా మూయబోతే, రాసింది సేవ్ చేసి దాచమంటారా వద్దా అని అడిగే పెట్టె తెలుగులోనే వచ్చింది, నా వేలు గాల్లో ఆగిపోయింది. ఏమైందత్తా అని అది నవ్వింది గానీ, దానికేం తెలుసు, ఆ పెట్టె దగ్గరే నేనొక మనిషికి రావలసిన ఉద్యోగం పోగొట్టాను.

ఏలూరులో మా చర్చి వెనక హాల్లో కంప్యూటర్లు నేర్పిన రోజులవి. అన్నీ పాత మిషన్లు, అన్నిట్లోనూ లినక్సే. ఆ రోజుల్లో వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒక్కో ప్రోగ్రామ్‌ది ఒక్కో తీరు. ఒకదాంట్లో కాపీ చేసింది మరోదాంట్లో అతకదు, ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకోదు, బటన్లయినా ఒక చోట ఉండవు. నేనేమో సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి బహుమతులు తెచ్చుకున్నదాన్ని, దేనికైనా అదే మందనుకునేదాన్ని. ఇంగ్లీషు రాని మా ఆడవాళ్ళకు నోటుబుక్కులు రాయించి, పై వరసలో మూడోది, దాని కింద నాలుగోది, చివర్న పెట్టె వస్తే మొదటి బటన్ అంటూ హాలు మారుమోగేలా వల్లె వేయించేదాన్ని.

వాళ్ళలో కొల్లేటి లంక ఊరి నుంచి మొదటి బస్సుకే వచ్చే ఒకావిడ ఉండేది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు, చేపల చెరువుల మీద కూలిపని. వాళ్ళ ఊరి దగ్గరి రైతుల సంఘం ఆఫీసులో టైపు పనికి మనిషి కావాలనీ, పరీక్ష ఉంటుందనీ తెలిసింది. ఆ పని దొరికితే రోజంతా గట్టు మీద ఎండలో నిలబడక్కర్లేదని ఆవిడ ఆశ. నోటుబుక్కంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది, నేను మురిసిపోయి పంపించాను.

అక్కడా లినక్సే, కానీ వేరే రకం. ఉత్తరం చక్కగా కొట్టిందట, మూయబోతే పెట్టె వచ్చిందట, మొదటి బటన్ నొక్కిందట. మా హాల్లో మొదటి బటన్ అంటే దాచమని, అక్కడ మొదటిది దాచకుండా మూసేయమని. ఉత్తరం పోయింది, దాంతో రావలసిన ఉద్యోగమూ పోయింది. మర్నాడు వచ్చి నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి, కోపం లేకుండానే అడిగింది: "నేను నేర్చుకుంది కంప్యూటరాండీ మేడమ్‌గారూ, మన హాల్లో ఉన్నదొక్కటేనాండీ?"

ఆ వారమే సగం మిషన్లలో ఆ రెండో రకం వేయించాను. నోటుబుక్కులు మూయించి, పెట్టె మీద ఇంగ్లీషులో ఏముందో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్పాను, ఇవాళ ఈ మిషన్ మీద, రేపు ఆ మిషన్ మీద. ఉక్రోషం పట్టలేక, ఆ ప్రోగ్రాములు రాసేవాళ్ళకి కూడా నాకొచ్చిన ఇంగ్లీషులో ఉత్తరం పెట్టాను, మీలో మీరు మాట్లాడుకోరా అని. మాట్లాడుకుంటున్నామనీ, అందరికీ పనికొచ్చే ఉమ్మడి పద్ధతులు రాసుకుంటున్నామనీ, కాస్త ఓపిక పట్టమనీ మర్యాదగానే జవాబిచ్చారు. ఏడాది తిరక్కుండానే ఆ ఆఫీసుకి మళ్ళీ మనిషి కావలసి వచ్చింది. ఈసారి ఆవిడ చదివి నొక్కింది, పని దొరికింది.

మొన్న మేనకోడలి ఇంటి నుంచే ఆవిడకి ఫోన్ చేశాను. "ఇప్పుడు ఎక్కణ్ణించి వచ్చిన ఫైలైనా మా దగ్గర తెరుచుకుంటుందండీ. అయినా చదివే నొక్కుతానండీ, మీరు నేర్పిన భయం ఇంకా ఉంది కదండీ," అని నవ్వింది.

ఆ ప్రోగ్రాములు రాసేవాళ్ళు మాట నిలబెట్టుకున్నారు, పూర్తిగా కాకపోయినా చాలావరకు. మా మేనకోడలి తరానికి ఈ తిప్పలేవీ తెలియవు, తెలియకపోవడమే మేలు. ఆ హాల్లో ఇప్పుడు పెళ్ళి విందులు జరుగుతున్నాయి, వెళ్ళినప్పుడల్లా ఆ వల్లె వేసిన గొంతులు గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది. ఫోన్ పెట్టేసి చూస్తే, తెర మీద ఆ పెట్టె నా కోసం ఇంకా ఆగే ఉంది. మొదటి బటన్ మీదున్న మాట పైకి చదువుకుని, అప్పుడు నొక్కాను.