విల్ఫ్ పెట్టిన పాట

ఇంగ్లండులోని స్టోక్ ఊరి కార్మికుల క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నాలు పాతకాలపు అమెరికన్ సోల్ పాటలు పెట్టే డీజేలందరికీ, వాళ్లలో ఒకడైన ముసలి విల్ఫ్ అంటే హడల్. రికార్డును అంచులు పట్టుకునే తీస్తాడు. బీరు గ్లాసును రికార్డుల బల్ల దరిదాపులకు రానివ్వడు. తన వంతు ఎప్పుడైనా సరే, మొదటి పాటకే వచ్చి, డీజేల పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. ఒకసారి ఎవడో అప్పటికే పెట్టేసిన పాటను మళ్లీ పెడితే, "ముందువాడు పెట్టింది వినని వాడు డీజే ఏంట్రా, నీ మొహం!" అని అందరి ముందూ కడిగేశాడు. పక్కనే ఉన్న కుర్ర డీజే గ్లెనిస్ ఆ పూటంతా తను పెట్టే ప్రతి పాటనూ రెండేసిసార్లు సరిచూసుకుంది.

ఈ ఆదివారం గ్లెనిస్ తన వంతు చివర్లో హాలంతా ఊగిపోయే పాట ఒకటి పెట్టి దిగింది. "బాగా పెట్టావమ్మాయ్," అని విల్ఫ్ భుజం తట్టి, తన పెట్టెలోంచి రికార్డు తీసి ముల్లు దించాడు. అదే పాట! ఆడబోతున్నవాళ్లు కొయ్యబారిపోయారు. గ్లెనిస్ ఒక్క ఉదుటున వెనక్కి వచ్చింది. తను ఆ పాట పెట్టినంతసేపూ ఆయన పక్కనే ఉన్నాడు కదా!

"బాబాయ్, ఇది ఇప్పుడే నేను పెట్టా!" అని వెనకనుంచి చెవి పక్కనే అరిచింది.

విల్ఫ్ తలైనా తిప్పలేదు. ఆడేవాళ్ల కదలని పాదాలనే చూస్తూ, కంగారుగా అడిగాడు.

"ఏమైంది, పాట రావట్లేదా?"