మేస్త్రి గారు మోసిన నా తప్పు

మొన్న జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మా మేస్త్రి గారి కొడుకు ఫోన్ చేశాడు. "నాయిన పొద్దుగాల పోయిండక్కా. చాయ్ తాగుకుంట కూసున్నోడు, గట్లనే..." అన్నాడు. ఆయన బతికుండగా బయటపెట్టాల్సిన మాటొకటి నా దగ్గరే మిగిలిపోయింది. ఇక్కడ చెబుతున్నాను.

దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. డిప్లొమాలో భాగంగా నన్ను ఆరు వారాల శిక్షణకు ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక తలుపుల కార్ఖానాకు పంపారు. దోహాలోనే అల్ అజీజియాలో ఫ్లాట్‌లో పెరిగినదాన్ని. రంపం మిషన్ మోగితే చాలు, రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. నాకు పని నేర్పే బాధ్యత మేస్త్రి గారిది. ఆయన కనుబొమ్మల మీద ఎప్పుడూ రంపపు పొట్టు ఉండేది.

"కండ్లను నమ్మకు బిడ్డా. చెక్కల మేకు చేతికే దొరుకుతది. తడిమినంకనే మిషన్ల పెట్టు," అనేవారు. భయమేస్తోందంటే నవ్వేవారు కాదు. "నాకు ఇరవై ఏండ్ల సంది భయమే. గందుకే పది వేళ్ళున్నయ్," అని చేతులు చూపించేవారు.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం, తొందరలో నేను తడమలేదు. రంపం మేకును తాకింది. నిప్పురవ్వ ఎగిరి, పొట్టును లాగే పైపులోకి పోవడం చూశాను. చెబితే పంపించేస్తారని నోరు విప్పలేదు.

కాసేపటికి కాలిన వాసన.

"యల్లా! అందరూ బయటికి!" మేస్త్రి గారు మిషన్లన్నీ ఆపేశారు. షెడ్డంతా పొగ. నేను మిషన్ దగ్గరే ఉండిపోయాను. ఆయన వెనక్కి వచ్చి, మణికట్టు పట్టుకుని నన్ను బయటికి ఈడ్చుకొచ్చారు.

షెడ్డు వెనక, ఆ పైపు కలిసే పొట్టు డబ్బా తగలబడింది. నీళ్ళు కొట్టి ఆర్పారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మిషన్ మీద మేకు తేలిన చెక్క చూపించి, "ఈ చెక్క ఎవరు చూశారు?" అని మేనేజర్ అరిచాడు. మేస్త్రి గారు నా వైపు తిరగను కూడా లేదు. "నేనే సార్," అన్నారు.

ఆ వారమే ఆయన్ని మిషన్ల దగ్గర్నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు. "నిజం చెప్పేస్తాను," అన్నాను. "నీ చదువు కానియ్ బిడ్డా. మల్ల తడమకుంట పెట్టకు, గంతే," అన్నారు. నేను ఆ మాట చాటున దాక్కున్నాను.

ఇప్పుడు గుర్తొచ్చేది మంటలు ఆరిన ఆ సాయంత్రం. అప్పుడే మిషన్లు నడపమన్నాడు మేనేజర్. "మాఫీ సార్, గిప్పుడే నడపొద్దు. లోపట నిప్పున్నదో లేదో చూడాలె," అని మేస్త్రి గారు నిచ్చెనెక్కారు. పైపుకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు ఆగారు. జానెడు ముందుకు జరిపి మళ్ళీ ఆనించారు. కింద నిచ్చెన పట్టుకుని నేను ఆయన ముఖమే చూస్తున్నాను.